దాత మంచం వైపు నుంచి: ఒక కిడ్నీ మార్పిడి విభాగంపై సమీక్ష

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి కిడ్నీ మార్పిడి విభాగంలో నిరుడు మార్చి నెలాఖరున నాకు ఆపరేషన్ జరిగింది. కిడ్నీ ఇచ్చింది మా అక్క. ఆ విభాగం ఎలా పనిచేస్తుందో రాయమని అదే అవసరంలో ఉన్న ఒకరిద్దరు చాలాకాలంగా అడుగుతున్నా ఏడాది దాటేదాకా ఆగాను. కిడ్నీ పుచ్చుకున్నవాడి సంగతి రెండు మూడు నెలల్లో తేలిపోతుంది. ఇచ్చిన మనిషిని ఆసుపత్రి ఆ తర్వాత కూడా తన మనిషిగా చూసుకుంటుందా లేదా అన్నది తేలాలంటే మాత్రం కనీసం ఒక ఏడాది తిరిగి రావాలి. నా దృష్టిలో ఇలాంటి విభాగాన్ని కొలవవలసింది ఆ రెండో లెక్కతోనే. ఎన్ని ఆపరేషన్లు విజయవంతమయ్యాయో బోర్డు మీద రాసుకోవచ్చు గాని, ఏ జబ్బూ లేని ఒక మనిషి తన ఒంటికి ఏ లాభమూ లేని కోతకు ఒప్పుకొని వచ్చినప్పుడు ఆ మనిషి పట్ల ఎలా నడుచుకున్నారన్నది ఏ బోర్డు మీదా కనిపించదు. అందుకే ఈ సమీక్షలో నా గురించి తక్కువగా, మా అక్క గురించి ఎక్కువగా ఉంటుంది. ఆసుపత్రి పేరు, అక్కడివారి పేర్లు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను, ఆ చెడు ఒక్క చోటికే పరిమితమైనది కాదని మరికొన్ని దాతల కుటుంబాలతో మాట్లాడాక నాకు అర్థమైంది. అక్క విషయాలు రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

నాకు నలభై మూడేళ్లు. బీపీ ఎప్పటినుంచి ఉందో తెలియదు, ఎన్నడూ చూపించుకోలేదు. కాళ్లు వాచి, ఉడుకుతున్న అన్నం వాసనకే వాంతి వచ్చే స్థితిలో పరీక్ష చేయిస్తే, కిడ్నీలు చెడిపోయే కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 9 దాటి ఉంది. అప్పటినుంచి దాదాపు ఏడాది పాటు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలిసిస్ మీద బతికాను. సూదుల నొప్పికి మనిషి అలవాటు పడతాడు, దాహానికి పడడు. రోజంతటికీ ముప్పావు లీటరు నీళ్లు దాటకూడదన్నారు. నా భార్య పొద్దున్నే ఆ నీళ్లను ఒక సీసాలో కొలిచి పోసి మంచం పక్కన పెట్టేది. ఆమె నా ఎదుట మంచినీళ్లు తాగడం మానేసిందని గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది. వంటింట్లో తలుపు చాటున నిలబడి తాగి, కొంగుతో మూతి తుడుచుకొని బయటికి వచ్చేది.

కిడ్నీ ఇస్తానని మొదట ముందుకొచ్చింది కూడా ఆమే. ఆమెది బీ గ్రూపు, నాది ఓ గ్రూపు. ఓ గ్రూపువారు మిగతా గ్రూపులవారికి ఇవ్వగలరు గాని, మామూలుగా ఓ గ్రూపువారి నుంచి మాత్రమే తీసుకోగలరు. ఇలా గ్రూపు కుదరని రెండు కుటుంబాలు దాతలను పరస్పరం మార్చుకునే వీలు అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణతో వచ్చింది, కానీ మాకు సరిపడే జంట దొరకలేదు. అమ్మకు డెబ్బై ఏళ్లు, షుగరు వచ్చి ఇరవై ఏళ్లయింది. "నాది తీసెయ్యండి బాబూ, నేనింక దాన్ని ఏం చేసుకుంటాను" అని ఆవిడ కాళ్లు పట్టుకోబోతే డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. చనిపోయినవారి అవయవాలను వరుసలో ఉన్న రోగులకు ఇప్పించే జీవన్‌దాన్‌ పథకంలో పేరు నమోదు చేయించి ఎదురు చూడటమే మిగిలింది. అక్కను అడగాలన్న ఆలోచన రాలేదని అనను. వచ్చింది, నోరు రాలేదు. తెనాలి దగ్గర పల్లెలో ఆమెకు తన సంసారం ఉంది, పెళ్లీడుకొచ్చిన కూతురుంది, కౌలు వ్యవసాయం ఉంది, రెండు గేదెలున్నాయి.

వరి కోతలకు ముందు, చేలో మినుములు చల్లే రోజుల్లో ఒక సాయంత్రం అక్క చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. కూర్చోగానే పర్సు తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. ఎవరికీ చెప్పకుండా తెనాలి వెళ్లి ఏదో ల్యాబులో బ్లడ్ గ్రూపు పరీక్ష చేయించుకొచ్చింది. ఓ పాజిటివ్. "నీదీ నాదీ ఒకటేనంటరా" అంది, అంతే. తర్వాత వంటింట్లోకి వెళ్లి, తెచ్చిన గోంగూర కట్టలు విప్పుతూ నా భార్యతో వేరే మాటల్లో పడిపోయింది.

ఇక ఆసుపత్రి సంగతి. దాత పరీక్షల వ్యవహారాన్ని ఆ విభాగం చక్కగా నడిపింది. కోఆర్డినేటర్‌గా ఉన్న ఆవిడ అక్కకు ఏ రోజు ఏ పరీక్షో తెలుగులో ఒక కాగితం మీద చేత్తో రాసి ఇచ్చారు. పల్లె నుంచి వచ్చిపోయే మనిషి అని గుర్తుపెట్టుకొని రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తుల పరీక్షలన్నీ రెండు రోజుల్లో ముగిసేలా చూశారు. కణజాలం పొంతన చూసే హెచ్ఎల్ఏ, క్రాస్ మ్యాచ్ పరీక్షలకు మాత్రం ఇద్దరి రక్తమూ కావాలి కాబట్టి ఆ రోజు నేనూ వెళ్లాను. ఆ తర్వాత రెండు కిడ్నీలలో ఏది ఎంత పని చేస్తోందో చెప్పే డీటీపీఏ స్కాన్, రక్తనాళాల అమరిక చూపే సీటీ యాంజియోగ్రామ్ జరిగాయి.

ఆ రిపోర్టులు వచ్చిన రోజు నేను గదిలోనే ఉన్నాను. అక్క కుడి కిడ్నీ మొత్తం పనిలో నూటికి 51 వంతులు, ఎడమది 49 వంతులు చేస్తోందని నెఫ్రాలజిస్టు చెప్పారు. రెండూ దాదాపు సమానమని, ఎడమ కిడ్నీ సిర పొడుగ్గా ఉంటుంది కాబట్టి అతకడానికి అనువుగా ఉంటుందని, అందువల్ల ఎడమది తీస్తామని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అక్క ఆ బొమ్మను కాసేపు చూసి, "రెండింట్లో ఏది కాస్త బాగుంటే అదే వాడికి పెట్టండి డాక్టరుగారూ" అంది. ఆయన పెన్ను కింద పెట్టారు. "అలా కుదరదమ్మా. రెండింట్లో ఏది ఏ కాస్త మెరుగ్గా ఉన్నా అది మీ దగ్గరే ఉండాలి. ఇది నా ఇష్టం కాదు, ఈ పనికి ఉన్న మొదటి నియమం" అన్నారు. అక్క మరేదో అనబోయింది. ఆయన మెత్తగానే, కానీ మరో మాటకు తావు లేకుండా, "ఆయన నా పేషెంటే, మీరూ నా పేషెంటే" అన్నారు. ఇంట్లో ప్రేమ ఉన్నవాళ్లు తమకు ఏం మిగులుతుందన్న లెక్క వేసుకోరు. అమ్మ వేసుకోలేదు, అక్క వేసుకోలేదు. ఆ లెక్క వాళ్ల తరఫున మరొకరు వేయాలి. ఒక ఆసుపత్రి అందించే సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

అయితే నా మీద చెరగని ముద్ర వేసిన విషయం నేను గదిలో లేనప్పుడు జరిగింది.

జనవరి మొదటి వారంలో ఒక రోజు కోఆర్డినేటర్ మమ్మల్నందరినీ, అంటే నన్నూ, నా భార్యనూ, అమ్మనూ, బావగారినీ బయట కూర్చోమని చెప్పి అక్కను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్లారు. తలుపు వేశారు. ముప్పావు గంట దాటినా తెరవలేదు. లోపల ఏం అడుగుతున్నారని అమ్మ రెండుసార్లు లేచి వెళ్లబోతే అక్కడున్న నర్సు ఆపింది. అక్క బయటికి వచ్చాక కోఆర్డినేటర్ నాతో, "ఒక పరీక్ష మళ్లీ చేయవలసి ఉంది, సంక్రాంతి వెళ్లాక రండి" అన్నారు. నేను గొణుక్కున్నాను. ఆ పది పన్నెండు రోజులూ ఆసుపత్రి జాప్యాన్ని నిందిస్తూనే గడిపాను. డయాలిసిస్ కుర్చీలో పడుకున్న ప్రతిసారీ, వీళ్లకేం తెలుసు మన అవస్థ అనుకున్నాను.

ఆ రోజు తలుపు వెనుక ఏం జరిగిందో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు గాని అక్క చెప్పలేదు. "ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారురా. లేదన్నాను. నిజంగానే ఎవరూ పెట్టలేదు. మీ ముందు ఎవరైనా ఏడ్చారా అని అడిగారు. దానికి ఏం చెప్పాలో తెలియలేదు" అంది. అమ్మ ఆ రెండు నెలలూ రోజూ రాత్రి అక్కకు ఫోన్ చేసేదట. ఏమీ అడిగేది కాదట, నా సంగతి చెప్పి ఏడ్చేదట. అక్క ఆ మాట కోఆర్డినేటర్‌కు చెప్పి, తనకు భయంగా ఉందని కూడా చెప్పింది. కూతురి పెళ్లి కాకుండా తనకేమైనా అయితే ఎలా అన్న భయం, మత్తులోంచి లేవకపోతే ఎలా అన్న భయం. ఆవిడ అంతా విని, వద్దనుకునే హక్కు ఆపరేషన్ గదిలోకి వెళ్లే క్షణం వరకూ ఉంటుందని, వద్దనుకుంటే దాతగా వైద్యపరంగా సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెబుతామని, అసలు కారణం ఈ గది దాటదని చెప్పారు. "ఇంటికి వెళ్లి పండగ చేసుకోండి. ఈ లోపు మీకు ఎవరూ ఫోన్ చేయకుండా చూసుకుంటాను" అన్నారట. ఆ సాయంత్రమే ఆవిడ అమ్మను పక్కకు పిలిచి, అక్కకు విశ్రాంతి అవసరమని, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఫోన్లు వద్దని చెప్పారు. నాకు ఆసుపత్రి జాప్యంలా కనిపించినది అక్క కోసం తీసిపెట్టిన సమయం.

2014 అవయవ మార్పిడి నిబంధనల్లో, దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త తీసుకోవాలనీ, ఆమె ఎవరో, ఆమె సమ్మతి స్వతంత్రమైనదేనో అవయవం పుచ్చుకునే వ్యక్తి కాక వేరొకరు నిర్ధారించాలనీ స్పష్టంగా ఉంది. దాని అవసరం ఎంత ఉందో చెప్పడానికి మన చుట్టూ చూస్తే చాలు. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. పుచ్చుకునేవారిలో ఎక్కువమంది మగవాళ్లు. త్యాగం అన్న మాటను మన ఇళ్లలో ఆడవాళ్ల కోసమే దాచి ఉంచినట్టు వాడతాం. ఆ నిబంధనను ఒక సంతకంతో ముగించే వీలుంది, ముగిస్తున్న చోట్లూ ఉంటాయి. ఈ విభాగం ముప్పావు గంట సమయం, పది పన్నెండు రోజుల గడువు, నాతో ఒక అబద్ధం వెచ్చించి దాన్ని పాటించింది. ఆ అబద్ధానికి నేను రుణపడి ఉన్నాను. పండగ వెళ్లిన మూడో రోజున అక్క తనంతట తానే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "భయం పోయింది. పోలేదులే, తగ్గింది" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆమె కాదనగలిగిన చోట నిలబడి అవునన్నదని తెలిశాకే, నా పొట్టలో ఉన్న ఆ కిడ్నీ వైపు చేయి పెట్టుకొని నిద్రపోగలుగుతున్నాను.

కాగితాల దశ మాత్రం చాలా విసిగించింది. 1994 చట్టం అవయవాల వ్యాపారాన్ని అడ్డుకోవడానికి వచ్చింది కాబట్టి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ నిజంగా దగ్గరి బంధువులేనని రుజువులు అడగడం న్యాయమే. తోబుట్టువులు ఆ దగ్గరి బంధువుల జాబితాలోనే ఉన్నారు. చిక్కల్లా పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరుతో వచ్చింది. అక్క ఆధార్ కార్డులో మెట్టినింటి పేరు, బడి సర్టిఫికెట్‌లో పుట్టినింటి పేరు, రేషన్ కార్డులో అసలు పేరే మరో రకం అక్షరాలతో. పరీక్షల కాగితాన్ని అంత శ్రద్ధగా రాసిచ్చిన విభాగం, ఈ రుజువుల జాబితాను మాత్రం ఒకేసారి ఇవ్వలేదు. ఒకటి తెస్తే మరొకటి అడిగారు. తహసీల్దారు కార్యాలయానికి బావగారు నాలుగుసార్లు తిరిగారు. ఏయే కాగితాలు కావాలో, పేర్లు తేడాగా ఉంటే ఏం చేయాలో ముందే ఒక పుటలో అచ్చువేసి ఇస్తే ఆ తిరుగుడు సగం తగ్గేది. దాత సంతకం పెట్టవలసిన సమ్మతి పత్రం, ఫారం 1, ఇంగ్లీషులో ఉంది. చదివి వినిపించి అర్థం చెప్పారు, నిజమే, కానీ అక్క తెలుగు ధారాళంగా చదవగలదు. తన శరీరం గురించి తాను సంతకం పెట్టే కాగితాన్ని తానే చదువుకునే అవకాశం ఆమెకు ఉండవలసింది.

చిన్నప్పటి ఫొటోలు ఏమైనా ఉన్నాయా అని అడిగినప్పుడు అమ్మ పెట్టెలోంచి ఒకటి తీసింది. కోటప్పకొండ తిరునాళ్లలో, గుడ్డ మీద వేసిన నెమలి బొమ్మ ముందు తీయించినది. అక్కకు ఎనిమిదేళ్లు, నాకు రెండు. నన్ను చంకన ఎత్తుకొని, బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయి నిలబడి ఉంది. ఫైలులో నకలు పెట్టుకొని అసలు ఫొటోను తిరిగి ఇచ్చేశారు, అదీ జాగ్రత్తగా కవరులో పెట్టి.

"అక్క మనదైతే బావ మనవాడా" అని మనకొక సామెత ఉంది. బావగారిని కూడా ఆ విభాగం విడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. ఆరు వారాల పాటు అక్క బిందె ఎత్తకూడదని, గడ్డిమోపు ముట్టకూడదని, ఆ పనులు ఎవరు చేస్తారో ఇప్పుడే చెప్పమని ఆయన్ను సూటిగా అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, మినుము పీకి నూర్పిడి అయ్యేదాకా ఆగితే ఆ తర్వాత ఎన్నాళ్లయినా ఇంటిపనీ గేదెల పనీ తానే చూసుకుంటానని అన్నారు. విభాగం ఆ మాటకు విలువ ఇచ్చి ఆపరేషన్‌ను మార్చి నెలాఖరుకు పెట్టింది. డెల్టాలో వ్యవసాయం తెలిసినవారికే ఆ సర్దుబాటు విలువ తెలుస్తుంది. బావగారు అన్నట్టే చేశారు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో పొయ్యి వెలిగించని మనిషి రెండు నెలల పాటు అన్నం వండి, చారు కాచి, అక్క మంచం దగ్గరికి కంచం తీసుకెళ్లారు. అక్క కిడ్నీ ఇచ్చిందని అందరూ అంటారు. ఆయన ఇచ్చినదానికి పేరు లేదు కాబట్టి ఎవరూ అనరు.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, చేతులు తిరిగినవాళ్లు చేసిన పని. పక్కపక్క గదుల్లో ముందు అక్కను, తర్వాత నన్ను తీసుకెళ్లారు. ఆమెకు లాపరోస్కోపీ పద్ధతిలో చిన్న రంధ్రాలతోనూ, కిడ్నీని బయటికి తీయడానికి పొత్తికడుపు దగ్గర ఒక చిన్న కోతతోనూ చేశారు. చాలామంది అనుకున్నట్టు నా పాత కిడ్నీలను తీయలేదు. కొత్తదాన్ని పొట్ట కింద కుడి పక్కన అమర్చి అక్కడి రక్తనాళాలకు అతికారు. అతికిన కాసేపటికే, నేనింకా బల్ల మీద ఉండగానే, మూత్రం రావడం మొదలైందట. మూడో రోజుకు క్రియాటినిన్ 1.4కి దిగింది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమని నర్సు చెప్పినప్పుడు నా భార్య ముఖం వంక చూశాను.

నా గదిలో లోటు లేదు. రోగనిరోధక శక్తిని మందులతో తగ్గిస్తారు కాబట్టి విడిగా శుభ్రమైన గది, ఒక నర్సు, గంట గంటకూ లెక్కలు. ఆ సమయంలో అక్క రెండంతస్తుల కింద, ఆరు మంచాల వార్డులో ఉంది. ఆ తేడాలో కొంత వైద్యపరంగా తప్పనిదని ఒప్పుకుంటాను. తప్పించగలిగినదే నన్ను బాధపెట్టింది. ఆపరేషన్ అయిన రాత్రి ఆమెకు కుడి భుజంలో భరించలేని నొప్పి వచ్చింది. లాపరోస్కోపీలో పొట్టను ఉబ్బించడానికి గ్యాసు నింపుతారని, దాని వల్ల ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం మామూలేనని ఎవరూ ముందు చెప్పలేదు. కడుపులో కోసి భుజం నొప్పి పుడుతుంటే గుండెకేదో అయిందనుకొని ఆమె భయపడిపోయింది. పిలుపు గంట నొక్కితే నర్సు రావడానికి చాలాసేపు పట్టింది. పక్కన ఉన్న మేనకోడలు వార్డంతా పరుగెత్తి ఒకరిని పట్టుకొచ్చింది. ఒక్క వాక్యం ముందుగా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత భయం ఉండేది కాదు. మర్నాడు పొద్దున ఆమెకు నా కోసం ఉద్దేశించిన ఉప్పు లేని పథ్యం తెచ్చిపెట్టారు. నాలుగో రోజున డిశ్చార్జి చేస్తూ ఒకే ఒక్క కాగితం, అదీ ఇంగ్లీషులో, చేతికిచ్చారు. బిల్లింగ్ కౌంటరులో ఆమె పేరు పిలవలేదు, "ఆ కేసు డోనర్" అన్నారు. నిలబడి విన్న బావగారు ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట మరచిపోలేదు. వరండా గోడ మీద దాతలను దేవతలుగా వర్ణించే పెద్ద బొమ్మ ఒకటి ఉంది. అక్కను ఎవరూ దేవతను చేయనక్కర్లేదు. దేవతకు భుజం నొప్పి రాదు, రాత్రి భయం వేయదు, నర్సు అవసరం ఉండదు. మా అక్కకు ఇవన్నీ ఉన్నాయి.

మందుల విషయంలో విభాగం సేవ నిలకడగా ఉంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ జీవితాంతం వాడాలి. మొదటిది పన్నెండు గంటల ఎడంతో రోజూ ఒకే వేళకు పడాలి. దాని మోతాదు రక్తంలో ఎంత ఉందో చూసి తగ్గించడం, పెంచడం చేస్తారు, ఫలితాన్ని ఆ సాయంత్రమే ఫోన్లో చెబుతారు. పంపరపనస తినకూడదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకొని చెప్పారు. అక్క పెరట్లో ఆ చెట్టు ఉంది, నాకిష్టమైన పండు.

నా మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు దాతను ఏడాదికోసారి పిలిచి చూడటంలో మాత్రం తడబడ్డారు. ఒక కిడ్నీతో మనిషి నిండు జీవితం గడపగలడన్నది నిజం. 1954 డిసెంబరులో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మార్పిడిలో రొనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడు రిచర్డ్‌కు కిడ్నీ ఇచ్చాడు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. రొనాల్డ్ లెక్కల మాస్టారుగా పనిచేసి, ఒకే కిడ్నీతో 2010 దాకా జీవించాడు. మన దేశంలో వేలూరు సీఎంసీలో 1971లో తొలి విజయవంతమైన మార్పిడి జరిగినప్పటి నుంచి ఎందరో దాతలు అలాగే బతుకుతున్నారు. మిగిలిన కిడ్నీ కొన్ని నెలల్లో కాస్త పెరిగి, రెండూ కలిసి చేసిన పనిలో మూడింట రెండు వంతులకు పైగా తానొక్కటే అందుకుంటుంది. అయితే ఆ ఒక్కదాన్నీ కాపాడుకోవాలి. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు అక్కకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ ఇంగ్లీషు కాగితంలో ఈ హెచ్చరిక మూడో పంక్తిలో ఉంది. మూడు నెలల తర్వాత నేను చదివి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు, ఆ లోపు నాలుగైదు మాత్రలు వేసుకుంది.

డిశ్చార్జి రోజున, ఏడాది పరీక్షకు మేమే ఫోన్ చేస్తామని చెప్పారు. మార్చి దాటింది, ఏప్రిల్ మొదటి వారం దాటింది, ఫోన్ రాలేదు. నా టాక్రోలిమస్ పరీక్ష ఒక్క రోజు ఆలస్యమైతే రెండుసార్లు ఫోన్ చేసే విభాగం అది. నేనే ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను. పరీక్షలకు డబ్బు తీసుకోలేదు, ఆ మాట నిలబెట్టుకున్నారు. అక్క బీపీ మామూలుగా ఉంది, క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఆ రోజు నేను ఇవన్నీ, భుజం నొప్పి దగ్గరి నుంచి ఫోన్ రాకపోవడం దాకా, ఒక ఉత్తరంగా రాసి విభాగాధిపతికి ఇచ్చాను. ఆయన నిలబడే చదివారు, సమర్థించుకోలేదు. నెల తిరిగేసరికి దాతలకు తెలుగులో నాలుగు పుటల చిన్న పుస్తకం అచ్చు వేయించి మాకొకటి పంపారు. అందులో భుజం నొప్పి గురించి ఉంది, నొప్పి మాత్రల సంగతి మొదటి పుటలోనే పెద్ద అక్షరాల్లో ఉంది. దాత వార్డులో రాత్రి నర్సుల సంఖ్య పెంచారో లేదో నాకు తెలియదు, అడిగి తెలుసుకోవడం అవసరమున్నవారి పని.

ఎవరైనా నన్ను అడిగితే ఈ విభాగానికి వెళ్లమనే చెబుతాను. అయితే ఎక్కడికి వెళ్లినా, రోగి వైద్యం గురించి అడిగే ముందు దాత గురించి అడగండి. ఆమెతో ఒంటరిగా ఎంతసేపు మాట్లాడతారు, వద్దంటే ఆ కారణాన్ని ఎలా కాపాడతారు, ఆపరేషన్ రాత్రి ఆమె పక్కన ఎవరుంటారు, ఐదేళ్ల తర్వాత ఆమెకు ఫోన్ చేసేది ఎవరు. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే చోట రోగిని కూడా బాగానే చూస్తారు. ఇంట్లో మీ తల్లో, భార్యో, అక్కో ఇస్తానని ముందుకొస్తే, ఆ రోజు నుంచి ఆమె ముందు ఏడవకండి. ఏడుపు వస్తే తలుపు చాటుకు వెళ్లండి.

ఏడాది పరీక్ష అయిన రోజు అక్క కోఆర్డినేటర్ కోసం స్టీలు డబ్బాలో సున్నుండలు తెచ్చింది, కొత్త మినుములతో చేసినవి. ఆవిడ ఒకటి తీసుకొని తింటూ, "వచ్చే ఏడు ఎప్పుడు వస్తారమ్మా" అని క్యాలెండర్ ముందుకు తెచ్చారు. ఆసుపత్రివాళ్లు మార్చి మొదటి వారం అన్నారు. అక్క కుదరదంది. నూర్పిడి అయ్యాక, నెలాఖరున వస్తానని తానే తేదీ చెప్పి రాయించింది. ఆ తేదీని ఈసారి నా ఫోన్లో కూడా పెట్టుకున్నాను.